తుపాకి మీదికి స్కోపు కాదు, ముందు మెడలోకి బైనాక్యులర్ కొనండి

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. మక్క కంకులు పాలు పోసుకునే టైం కాబట్టి రాత్రుళ్లు మంచె మీదనే ఉంటున్నారు కదా, అక్కడ కూర్చొని తీరికగా చదువుకోండి.

మా చెల్లె కొడుకు దగ్గర ఒక ఎయిర్‌గన్ ఉంది. దాని మీద చిన్న స్కోపు. మొన్న ఫోన్ చేసి, "మామా, ఐదు వేలల్ల మంచి స్కోపు ఏదొస్తది? పొద్దుగూకినంక దీంట్ల ఏం కనవడ్తలేదు" అన్నాడు. కొనొద్దు అన్నాను. ఎందుకన్నానో వానికి తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెప్తున్న.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం, సన్నగా ముసురు పడుతోంది. నేనూ అల్లుడూ మంచె మీద ఉన్నాం. అంతకు ముందు రాత్రే పందులు పడి నాలుగు సాళ్లు పండబెట్టిపోయినయి, కడుపు మండి ఉన్నాం. గెట్టు పక్కన నల్లగా ఏదో వంగి కదులుతోంది. నా చేతిలో ఆన్‌లైన్‌లో 899 రూపాయలకు తెప్పించిన బైనాక్యులర్. దాని మీద 60x60 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కన్ను పెడితే మొత్తం చీకటి. అల్లుడు గన్ను ఎత్తి స్కోపులోంచి చూసిండు. "పందే మామా, నల్లగ ముద్ద లెక్క కనవడ్తంది" అన్నాడు. గన్నులో గుండు ఉంది.

నాకెందుకో మనసు ఒప్పలేదు. "ఎవరాడ?" అని గట్టిగా కేకేసిన.

"నేనేరా! బర్రెకు ఇంత గడ్డి కోసుకుంటున్న" అని జవాబొచ్చింది.

మా అమ్మ. నెత్తి మీద నల్ల గొంగడి కప్పుకొని వంగి ఉంది. అల్లుడు గన్ను కింద పెట్టి, మంచె దిగి, చాలాసేపు గెట్టు మీద కూర్చున్నాడు. ఎయిర్‌గన్ గుండుకు పంది చావకపోవచ్చు గానీ మనిషి కన్ను పోతుంది. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

అందుకే మొదటి మాట ఇది. స్కోపు చూడటానికి కాదు, గురికి. గన్ను మీద బిగించిన అద్దంలోంచి ఏది చూసినా, చూసిన దాని మీదికి గొట్టం కూడా తిరుగుతుంది. మనిషో పందో తేల్చుకోవాలంటే చేతిలో వేరే అద్దం ఉండాలి. తుపాకి లేని రైతుకూ అది పనికొస్తుంది, స్కోపు పనికిరాదు.

ఇక అద్దం సంగతి. స్కోపైనా బైనాక్యులరైనా లెక్క ఒక్కటే. 10x50 అని ఉంటే, మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. రెండో దాన్ని మొదటి దానితో భాగించండి, 5 వస్తుంది. అంటే వెనక నుంచి మన కంట్లోకి వచ్చే వెలుగు కట్ట 5 మి.మీ. వెడల్పు. చీకట్లో పడుచువాళ్ల కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, యాభై దాటినవాళ్లకు 5 దగ్గర ఆగుతుంది. వెలుగు కట్ట అంతకంటే సన్నగా ఉంటే బొమ్మ మసకబారుతుంది.

ఇప్పుడు నా 60x60 లెక్క చూడండి. 60ని 60తో భాగిస్తే 1. రాసింది నిజమే అనుకున్నా సూది బెజ్జమంత వెలుగు. స్కేలు పెట్టి కొలిస్తే ముందు అద్దం 32 మి.మీ. కూడా లేదు. అంటే రాసిందే అబద్ధం. అల్లుడి స్కోపు 3-9x40. వాడు ఆ రోజు తొమ్మిది మీద పెట్టి చూసిండు, 4.4 వచ్చింది. మూడు మీద పెట్టి ఉంటే బొమ్మ చిన్నగా ఉన్నా వెలుగు నిండుగా వచ్చేది. ముద్ద కనిపించిన చోట గొంగడి అంచు కనిపించేదేమో. దగ్గరగా చూడాలన్న ఆశే మనల్ని గుడ్డోళ్లను చేస్తుంది.

మంచె మీదికి నా లెక్కలో 8x42 గానీ 7x50 గానీ 10x50 గానీ సరిపోతాయి. పది రెట్లు దాటితే చెయ్యి వణుకుడుకు బొమ్మ నిలవదు. నేను చివరికి 8x42 తీసుకున్న, 4,200 పడ్డది. 50 అద్దంవి బరువు, మెడ లాగుతుంది. మంచె కర్ర మీద ఆనించుకునేటట్టుంటే అవే మేలు.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి:

ఒకటి, బైనాక్యులర్‌ను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకొని ఆకాశం వైపు తిప్పండి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ వద్దు, కన్ను పోతుంది. వెనక అద్దంలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. అది గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు నలుపలకలుగా ఉంటే లోపలి గాజు తక్కువ రకం.

రెండు, ముందు అద్దం ఎర్రగా అద్దంలా మెరుస్తుంటే వద్దు. ఆ ఎరుపు వెలుగును బయటికే తోసేస్తుంది. పచ్చగానో ఊదాగానో సన్నగా మెరిస్తే నయం.

మూడు, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు నిమిషాలు చూడండి. రెండు స్తంభాలు కనిపించినా, తల బరువెక్కినా వాపస్ ఇచ్చేయండి.

నాలుగు, వీలైతే పొద్దుగూకే టైంకి చూసి కొనండి. మిట్టమధ్యాహ్నం ఏ అద్దమైనా బాగానే కనిపిస్తుంది.

వానాకాలంలో అద్దాలకు బూజు పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోండి. నడి చీకట్లో ఏ బైనాక్యులరూ పని చెయ్యదు. దానికి టార్చే. వెన్నెల రాత్రి, మాపటి పూట, తెల్లవారుజాము అయితే దీని సత్తా తెలుస్తుంది.

గురి ఆటకు ఎయిర్‌గన్ వాడే పిల్లలుంటే వాళ్లకో మాట. స్ప్రింగ్ గన్ను వెనక్కీ ముందుకూ రెండు దిక్కులా తన్నుతుంది. ఆ తన్నుడుకు మామూలు రైఫిల్ స్కోపు లోపల ఊడిపోతుంది. పైగా అది వంద గజాలకు సరిచేసి ఉంటుంది, ఇరవై మీటర్లలో గురి తప్పుతుంది. ఎయిర్‌గన్ కోసమే చేసింది, దగ్గరి దూరానికి సరిచేసుకునే వీలున్నది అడగండి.

చట్టం మాట కూడా చెప్పాలె. .177 గుండుది, 20 జౌళ్లు దాటనిది అయితే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన దానితో వేటాడొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద పందిని, నెమలిని, ఆఖరికి చిలుకను కొట్టినా నేరమే. పంట పాడు చేసే పందిని చంపాలంటే అధికారం ఉన్న అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. దెబ్బ తిని బతికిన పంది మనుషుల మీద పడుతుంది. కరెంటు తీగలైతే పందుల కంటే ముందు మనోళ్లనే పొట్టన పెట్టుకుంటున్నయి.

ఇప్పుడు అల్లుడు మంచె ఎక్కితే గన్ను ఇంట్లోనే ఉంటుంది. మెడలో బైనాక్యులర్, పక్కన డబ్బా, టార్చి. పందులు గెట్టు దాటకముందే చూసి డబ్బా కొడతాడు. పంట మొత్తం దక్కింది అనను, ఒక మూల పోయింది. కానీ మా అమ్మ ఇప్పటికీ ఆ గెట్టు మీదనే గడ్డి కోస్తున్నది. గొంగడి మాత్రం మార్పించినం. తెల్ల తువ్వాల కట్టుకొని పోతున్నది.

మీ ఇంటివాళ్లకు కూడా చెప్పండి. చీకటి పడ్డాక చేనులోకి వచ్చేవాళ్లు ముందు ఒక కేక వెయ్యాలె. మంచె మీద ఉన్నోళ్లు ఏం చేసే ముందైనా ఒక కేక వెయ్యాలె. అన్నిట్లోకీ చవక పని అదే.