మలుపు రాకముందే

ఉస్తాద్ అరచెయ్యి టైరు మీద లోపలి అంచు నుంచి బయటి అంచుకు జారింది. తిరిగి వస్తూ నడుమ ఆగింది. “ఈడ సూడుండ్రి సారూ,” అంటూ నా వేళ్లు పట్టుకుని రబ్బరు మీద పెట్టాడు. ఒక దిక్కుకు నిమిరితే నున్నగా ఉంది. ఎదురు నిమిరితే రంపం పళ్లలా గుచ్చుకుంది.

“ముందటి చక్రాలు సక్కగ లెవ్వు. బండి సీదా పోతాంటే టైరు పక్కకు గుంజుతాంది. సీదా రోడ్డు మీదనే గిట్ల అరుగుతే, టర్నింగ్‌ల ఏం పట్టుకుంటది?”

కరీంనగర్ శివార్లలో రేకుల షెడ్డు అది. బయట గ్రానైట్ రాళ్ల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. లోపల గ్రీసు వాసన, గోడకు వరసగా పానాలు, మూలకు ఊడదీసిన కమాన్ పట్టీలు. లారీ డ్రైవర్‌గా ముప్పయ్యేళ్లు తిరిగిన మా మేనమామ నన్నిక్కడికి పిలిపించాడు. అంతకుముందు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా-ఈ’ కరెంటు కార్ల పందెం చూసొచ్చాను. 2.8 కిలోమీటర్ల బాట, 18 మలుపులు. ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు మలుపుల్లో అంత వేగంగా ఎలా తిరుగుతాయో రాయమని మా సంపాదకుడు అడిగారు. ఆ మాట మామకు చెబితే, “మలుపు సంగతి మా ఉస్తాద్ చేతులల్ల ఉంటది, రా అల్లుడా” అన్నాడు.

ఉస్తాద్ తన హవాయి చెప్పు విడిచి గచ్చు మీద పెట్టాడు. మడమ వైపు అరచేత్తో గట్టిగా అదిమి, ఇంకో చేత్తో ముందు భాగాన్ని మెల్లగా తిప్పాడు. పై భాగం తిరిగింది, నేలకు అంటిన అడుగు మాత్రం తిరగలేదు. రబ్బరు మెలిపడింది. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారి జర్రున జారింది. “గీ మెలిక ఉన్నంత సేపే బండి మన మాట ఇంటది,” అన్నాడు.

ఇంజనీర్లు పేజీల కొద్దీ రాసే సంగతి అదే. మలుపులో బండిని తిప్పేది స్టీరింగ్ అనుకుంటాం. నిజానికి తిప్పేది నేల. ఒక్కో కారు టైరు నేలను తాకే చోటు అరచెయ్యంతే ఉంటుంది. అక్కడ రబ్బరు కొద్దిగా మెలిపడి నేలను పక్కకు నెడుతుంది, నేల తిరిగి బండిని మలుపు లోపలికి నెడుతుంది. చక్రం చూసే దిక్కుకూ బండి పోయే దిక్కుకూ మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉన్నప్పుడే ఆ పట్టు అన్నిటికంటే ఎక్కువ. పందెం డ్రైవర్ ఆ కొద్ది డిగ్రీల అంచు మీదే బతుకుతాడు.

లెక్క కూడా కష్టమేం కాదు. వేగం రెట్టింపైతే మలుపులో కావలసిన పట్టు నాలుగింతలవుతుంది. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో గంటకు 50 కిలోమీటర్లు దాటితే కారు జారుతుంది. వాన పడి పట్టు సగమైతే ఆ హద్దు 36కు దిగుతుంది. పందెగాళ్లు బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచును ముట్టి, మళ్లీ బయటి అంచుకు పోయేది ఆ హద్దును పెంచుకోవడానికే. ఉన్న రోడ్డు వెడల్పునంతా వాడి మలుపును పెద్దది చేసుకుంటారు. ఫార్ములా వన్ కార్లకైతే రెక్కలు గాలితో కారును నేలకు అదుముతాయి, వేగం పెరిగే కొద్దీ పట్టు కూడా పెరుగుతుంది. ఉస్తాద్ ముందున్న బియ్యం బస్తాల డీసీఎం లారీకి ఆ రెక్కలు లేవు. దానికున్నది ఉస్తాద్ చెయ్యి ఒక్కటే.

ఆ చెయ్యి పని చేస్తుంటే పూట గడిచింది. ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుమని చిన్న చప్పుడు. “కింగ్ పిన్ లూజు.” చక్రం పక్కలకు తిరిగే ఆ పిన్నును మార్చాకే చక్రాలను సరిదిద్దే అలైన్‌మెంట్ మొదలుపెట్టాడు. బండికి రెండు పక్కలా హబ్ ఎత్తులో దారం లాగి కట్టాడు. రిమ్ ముందు అంచు నుంచి దారానికి ఎంత, వెనక అంచు నుంచి ఎంత అని స్కేలు పెట్టి చూశాడు. ముందు చక్రాలను కలిపే టైరాడ్‌ను పావు మర తిప్పాడు, మళ్లీ కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ దారాన్ని వేలితో మీటి, అది నిశ్చలమయ్యేదాకా ఆగాడు.

“కంప్యూటర్ అలైన్‌మెంట్ వద్దంటలేను సారూ. కింగ్ పిన్ ఊగుతాంటే కంప్యూటర్ సూపెట్టిన నెంబరు గేటు దాటేదాక నిలువది. ముందుగాల ఊపి సూడాలె. ఊపి సూసేటోళ్లు తక్కువైపోయిన్రు.” ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. ఇద్దరు పిల్లలు పనికి వచ్చి మూడు నెలలకే వెళ్లిపోయారట. ఇప్పుడున్నది ఒక్క పిల్లగాడు.

మర్నాడు అదే డీసీఎంలో బియ్యం లోడుతో ఇచ్చోడకు బయల్దేరాం. నిర్మల్ దాటాక నాలుగు వరుసల కొత్త రోడ్డు వదిలి, పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ ఎక్కమన్నాడు ఉస్తాద్. చేసిన పనిని ఘాట్ మీద చూడనిదే ఆయన డబ్బులు తీసుకోడు. సగం నీళ్లు పోసిన గాజు గ్లాసును డాష్‌బోర్డు మీద గుడ్డ మడతల మధ్య నిలబెట్టాడు.

మొదటి మలుపులోకి డ్రైవర్ ఊపు మీద వచ్చి, సగం తిరిగాక బ్రేకు తొక్కాడు. నీళ్లు ముందుకు కొట్టుకుని, పక్కకు ఎగసి, ఒలికిపోయాయి. వెనక బస్తాలు మూలిగాయి.

“టైరుకున్నది ఒక్కటే రొట్టె తమ్మీ. మొత్తం బ్రేకుకే పెడితే టర్నింగ్‌కేం మిగులుతది? టర్నింగ్ రాకముందే బ్రేకు, రాకముందే గేరు. వచ్చినంక ఇగ పట్టుకునుడే.”

తరువాతి మలుపుకు డ్రైవర్ ముందే వేగం తగ్గించి, రెండో గేరు వేసి, ఒకే తీరుగా తిప్పాడు. గ్లాసులో నీళ్లు మెల్లగా బయటి వైపు లేచి, మలుపు పొడుగునా అట్లాగే వంగి నిలబడి, రోడ్డు సీదా అయ్యేసరికి తిరిగి సమంగా పరుచుకున్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ గ్లాసును చూస్తూ నేను ఊపిరి బిగబట్టాను. పందెం డ్రైవర్లు బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ, ఆ మేరకు స్టీరింగ్ తిప్పుతూ ఆ రొట్టెను చిటికెడు కూడా వృథా కాకుండా పంచుతారు. ఆ పంపకం నేర్పడానికి వాళ్ల వెనక సిమ్యులేటర్లుంటాయి, టైరు వేడిని చూసే ఇంజనీర్లుంటారు.

మన డ్రైవర్ల వెనక ఎవరున్నారు? తిరుగు ప్రయాణంలో జగిత్యాల దాటి కొండగట్టు కమాను దగ్గరికి వచ్చేసరికి బండిలో మాటలు ఆగిపోయాయి. 2018 సెప్టెంబర్ 11న ఈ గుట్ట ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సు లోయలో పడింది. అందులో వంద మంది దాకా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఉస్తాద్ గుట్ట వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు.

అలాంటి ఘాట్ మీద 12 టన్నుల బస్సు 100 మీటర్ల ఎత్తు దిగితే, 40 లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి పుడుతుంది. చిన్న గేరులో ఇంజన్ ఆ భారం పంచుకోకపోతే ఆ వేడంతా బ్రేకుల మీదే పడుతుంది. నిలబడి ప్రయాణించే ప్రతి మనిషీ ఆ వేడిని పెంచుతాడు, బండి బరువును ఇంకాస్త పైకి తెస్తాడు. నేలకు అతుక్కున్నట్టుండే పందెం కారు మలుపులో జారుతుంది. ఎత్తయిన బండి జారేలోపే ఒరిగిపోతుంది. లోడు నిండిన లారీ బోల్తా పడడానికి, కారు జారడానికి పట్టే పక్కతోపులో సగం చాలు.

రోడ్డు వేసినవాళ్లు ఈ సంగతి ఎరుగుదురు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం, కొండ రోడ్డు మీద గరిష్ఠంగా వాలు కట్టిన అదే 25 మీటర్ల మలుపుకు తగిన వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. మంచి కారు జారే హద్దు 50. ఈ రెండింటి నడుమ ఉన్న జాగా తడి రోడ్డుకు, అరిగిన టైరుకు, నిలబడ్డ జనానికి ఇచ్చిన సాయం. ఆ జాగాను మనం వేగం కోసం తినేస్తున్నాం. ఎదుటి బండి కనబడని ఘాట్ మీద పందెగాడి గీత పట్టి అవతలి వరుసలోకి కోసుకుపోవడం నైపుణ్యం కాదు. పందెం నుంచి మనం తెచ్చుకోవలసింది మలుపుకు ముందే తేల్చుకునే ఆ క్రమశిక్షణ ఒక్కటే.

లైసెన్సు కోసం కారుతో ‘హెచ్’, బైకుతో ‘8’ తిప్పిస్తే చాలదు. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో డ్రైవర్ల శిక్షణ సంస్థ ఉంది. అలాంటివి ఇంకా కావాలి. ఘాట్ మీద బస్సు నడపబోయే ప్రతి డ్రైవర్‌కూ ముందు ఖాళీ బస్సుతో, పక్కన నేర్పేవాడితో, ఆ ఘాట్ మీదే పదిసార్లు ఎక్కి దిగే అవకాశం ఇవ్వాలి. ఐటీఐల మోటార్ మెకానిక్ తరగతుల్లోకి, సర్టిఫికెట్ లేదన్న సాకు చెప్పకుండా, ఉస్తాద్‌లను పిలవాలి. యంత్రం అంకె చెబుతుంది. ఆ అంకెను నమ్మవచ్చో లేదో చెప్పే చెయ్యి ఒక తరంతో పోతే మళ్లీ కొనలేం.

చీకటి పడ్డాక షెడ్డుకు చేరాం. ఇంకో లారీ వచ్చి ఉంది. పిల్లగాడు దాని ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఉస్తాద్ లైటు వెయ్యలేదు.

“కండ్లతోని కాదు, చెయ్యితోని సూడు.”

చిన్న చెయ్యి రబ్బరు మీద పోయింది, వచ్చింది, ఒకచోట ఆగింది.

“ఈడనా?”

ఉస్తాద్ ఆ చేతి మీద తన చెయ్యి వేసి వేలెడంత లోపలికి జరిపాడు.