రెండేళ్లకే ‘పెద్దదానివి’!

మా ఇంట్లో ఒకరికి రాత్రికి రాత్రే ప్రమోషన్ వచ్చేసింది. అప్రైజల్ లేదు, అప్లికేషన్ లేదు, నోటీసు అసలే లేదు. ముందురోజు సాయంత్రం దాకా ఇంట్లో అందరికంటే చిన్నది. తెల్లారేసరికి అక్క. అప్పటికి మా అమ్మలు వయసు సరిగ్గా రెండేళ్లు. జీతం పెరక్కుండా పని మాత్రమే పెరిగే ప్రమోషన్ ఎలా ఉంటుందో ఐటీలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే.

చంటాణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్లంతా దాంతో అన్న మొదటి మాట ఒకటే. “ఇంక నువ్వు పెద్దదానివమ్మా!” ఉయ్యాల ఎక్కబోతే, “పెద్దదానివి, అందులో పడుకుంటావా?” నా ఒళ్లోకి వస్తే, “పెద్దదానివి కదా, అమ్మని ఇబ్బంది పెట్టకు.” ఏడిస్తే, “పెద్దపిల్లలు ఏడుస్తారా ఎక్కడైనా?” ఎవరూ చెడ్డగా అనలేదు. అందరూ ముద్దుగానే అన్నారు. కానీ రోజుకి ఇరవైసార్లు వినేదానికి అది ముద్దు మాటలా ఉంటుందా?

నెల తిరిగేసరికి ఇంట్లో మార్పులు మొదలయ్యాయి. ఎప్పుడో మానేసిన పాలసీసా మళ్లీ కావాలంది. రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టింది. చక్కగా “నాకు అన్నం పెట్టు” అనే పిల్ల, వేలు చూపించి “ఊ... ఊ...” అంటోంది. ఒకరోజు తమ్ముడి దుప్పటి మీద కప్పుకుని, నేల మీద పడుకుని, “నేను బుజ్జి” అంది. ఇంకోరోజు చాలా మర్యాదగా అడిగింది, “అమ్మా, తమ్ముణ్ణి ఆస్పత్రిలో ఇచ్చేద్దామా?” మా ఆయన నవ్వాపుకోలేక బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

చంటాడికి 14 వారాల టీకాలు వేయించడానికి దాన్నీ తీసుకెళ్లాం. ఆరో వారం, పదో వారం తర్వాత ఆ వరసలో అది మూడోది. వాడి తొడలకి సూదులు వేసి, దూది పెట్టి, ప్లాస్టర్ అంటించారు. ఇది వెంటనే గౌను పైకెత్తి, “నాకూ” అంది. సూదంటే ఆమడ దూరం పరిగెత్తే పిల్ల! డాక్టరుగారు ఏమీ అనకుండా దాని తొడ మీద కూడా ఒక ప్లాస్టర్ అంటించారు. నేను పక్క తడపడం గురించీ, సీసా గురించీ చెప్పాను. తమ్ముడో చెల్లో పుట్టాక ఈ వయసు పిల్లలు ఇలా కొన్నాళ్లు వెనక్కి వెళ్లడం మామూలేనన్నారు. తిట్టొద్దు, వెక్కిరించొద్దు, దగ్గరకి తీసుకోండి చాలు అన్నారు. చివర్లో, “ఈవిడకెన్నేళ్లు?” అని అడిగారు. రెండేళ్ల మూడు నెలలన్నాను. “అయితే మీకున్నది ఇద్దరు చంటిపిల్లలమ్మా” అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆ రాత్రి ఒక లెక్క వేశాను. ఇంజనీర్ని కదా, ఏ బాధనైనా అంకెల్లో చూస్తేగానీ నిద్రపట్టదు. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతాడు. ఒక్కోసారికి అరగంట వేసుకున్నా 4 నుంచి 6 గంటలు. బట్టలు మార్చడం, తేన్పు తెప్పించడం, జోకొట్టడం దీనికి అదనం. అంటే పెద్దది మెలకువగా ఉన్న టైములో ఎక్కువ భాగం దానికి కనిపించే సీన్ ఒక్కటే. అమ్మ ఒళ్లో ఇంకొకడు.

దానికి తోడు ఆపరేషన్. బరువు ఎత్తొద్దన్నారు కాబట్టి ఆరు వారాలు నేను దాన్ని ఎత్తుకోలేదు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60 సిజేరియన్లే. అంటే ఎంతమంది రెండేళ్ల, మూడేళ్ల పిల్లలు తమ్ముడు పుట్టిన రోజునుంచే “అమ్మ ఎత్తుకోదు” అన్న మాట వింటున్నారో చూడండి. కుట్ల గురించి వాళ్లకేం తెలుసు? వాళ్లకి తెలిసింది ఒక్కటే. వాడొచ్చాడు, ఎత్తుకోవడం ఆగిపోయింది.

రాత్రి రెండింటికి పాలిస్తూ ఒక చేత్తో ఫోన్ చూడటం తల్లులందరికీ అలవాటే. అలా చదువుతుంటే చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బట్టీ పట్టిన ఒక పేరు తగిలింది. క్వాషియార్కర్. మాంసకృత్తులు అందక కాళ్లు, పొట్ట ఉబ్బే జబ్బు అని రెండు మార్కుల కోసం రాసినవాళ్లమే అందరం. కానీ ఆ పేరుకి అర్థమేంటో మాకెవరూ చెప్పలేదు. అది ఇప్పటి ఘనా దేశంలోని గా భాష మాట. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకి వచ్చే జబ్బు అని దాని అర్థం. అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు 1930ల్లో ఆ ఊళ్ల తల్లులు వాడే ఆ పేరునే వైద్యపుస్తకాల్లోకి తీసుకొచ్చింది. చిన్నోడు రాగానే పెద్దోడికి తల్లిపాలు ఆగిపోతాయి, ఉత్త గంజిలాంటి తిండి మిగులుతుంది, పిల్లాడు నీరసించిపోతాడు. మన దేశంలో ఈ జబ్బు మీద పెద్ద ఎత్తున పరిశోధన చేసిన డాక్టర్ సి. గోపాలన్ పనిచేసింది కూడా మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో. ఎన్నిసార్లు ఆ గేటు ముందునుంచి బస్సులో వెళ్లానో!

మా అమ్మలుకి తిండికేం లోటు లేదు. పప్పన్నం, గుడ్డు, పాలు అన్నీ అందుతున్నాయి. దానికి ఆ జబ్బు లేదు, రాదు. కానీ ఆ పేరు పెట్టిన తల్లుల చూపు నన్ను వదల్లేదు. అందరూ కొత్తబిడ్డ వైపు చూస్తున్న రోజున, వాళ్లు పక్కకి జరిగిన బిడ్డని చూశారు. చూసి, ఆ బాధకి ఒక పేరు పెట్టారు. మనం ఆ బిడ్డకి పెట్టే పేరు ‘పెద్దది’.

మర్నాడు మా అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ నలుగురిలో పెద్దది. తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ నాట్లకీ, కోతలకీ వెళ్తే చంటిపిల్లల్ని చూసుకునే డ్యూటీ అమ్మదే. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. కారణం చదువు రాక కాదు, ఉయ్యాల్లో ఆఖరి మావయ్య ఉన్నాడని. ఈ కథ నాకు ముందే తెలుసు. తెలియంది ఏంటంటే, ఆ రోజు అమ్మ చెప్పిన ముక్క. “తొక్కుడుబిళ్ల ఆడేదాన్నే. కానీ నడుం మీద పిల్లాడు లేకుండా ఆడిన ఆట ఒక్కటీ గుర్తులేదే. నేను ఎప్పుడు చిన్నపిల్లనో నాకు తెలీదు” అంది. ఫిర్యాదులా అనలేదు. ఎండగా ఉందనో, చలిగా ఉందనో చెప్పినట్టు చెప్పింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అమ్మలునే చూస్తూ కూర్చున్నాను. అప్పటికే దానికి చిన్న చిన్న పనులు వచ్చేశాయి. డైపర్ తెస్తుంది, తమ్ముడు ఏడిస్తే గిలక ఊపుతుంది. “అబ్బ, చిన్నమ్మ అయిపోయిందే!” అని అందరూ మురిసిపోతారు. ఇష్టంగా చేస్తే మంచిదే, చెయ్యనివ్వాలి. కానీ మెచ్చుకోలు మొత్తం ఆ పనికే దొరుకుతుంటే, తన కోసం తను ఏడవడానికి ఆ పిల్లకి చోటెక్కడిది? అదే మగపిల్లాడు పెద్దవాడై, ఆడపిల్ల చిన్నదైతే, డైపర్ తెమ్మని వాణ్ణి ఇన్నిసార్లు పిలుస్తామా? మీ ఇంట్లో కూడా ఒకసారి లెక్కేసి చూడండి.

నా మనసులో మాట అత్తయ్యకి ఎలా చెప్పాలా అనుకున్నాను. ఆవిడ పాలకొల్లు నుంచి మాకోసం వచ్చి నాలుగు నెలలైంది. నడుం నొప్పితో కూడా రోజూ పీటేసుకుని, కాళ్లు చాపి, చంటాణ్ణి బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్లు పోసేది ఆవిడే. సాంబ్రాణి పొగ మాత్రం డాక్టరుగారు వద్దన్నారంటే మానేశారు. అలాంటి మనిషికి ‘పెద్దదానివి’ అనకండి అని చెబితే నొచ్చుకుంటారేమోనని భయం.

“అత్తయ్యా, అది ఇంకా చిన్నపిల్లే కదా” అని మాత్రం అన్నాను. మా అమ్మ చెప్పిన తొక్కుడుబిళ్ల సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చంటాడి స్నానం అయ్యాక, తుడిచి నాకిచ్చి, కాళ్లు అలాగే చాపి కూర్చున్నారు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న దాన్ని, “రావే బంగారూ, నీకూ పోస్తా” అని పిలిచారు. రెండేళ్ల పిల్ల ఆ కాళ్ల మీద ఎక్కడ పడుతుంది? తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు వేలాడుతున్నాయి. అయినా కిక్కురుమనకుండా బోర్లా పడుకుంది. రోజూ తలస్నానానికి ఇల్లు పీకి పందిరేసే పిల్ల, కళ్లు మూసుకుని నీళ్లు పోయించుకుంది. “ఇది నా మొదటి బుజ్జి” అన్నారు అత్తయ్య, నావైపు చూడకుండా. “నేనూ పెద్దదాన్నేనమ్మాయ్ మా ఇంట్లో” అని నెమ్మదిగా అన్నారు. అంతకుమించి ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ వారం నుంచి మా ఇంట్లో రెండు స్నానాలు.

ఇక మా ఆయన సంగతి. చట్టప్రకారం నాకు 26 వారాల సెలవు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకీ అది వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో తండ్రికి ఇన్ని రోజులు ఇచ్చి తీరాలనే చట్టం మాత్రం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 15 రోజులుంది. మా ఆయనకి వాళ్ల ఆఫీసులో దొరికింది 5 పనిరోజులు. అందులో మూడు ఆస్పత్రి కారిడార్‌లోనే అయిపోయాయి. తర్వాత ‘నాన్న పెద్దదాన్ని చూస్తాడు, అమ్మ చిన్నోణ్ణి చూస్తుంది’ అన్న పద్ధతి నడిచింది. పైకి బాగానే ఉంది కానీ, దానివల్ల పెద్దదానికి అమ్మ ఇంకా దూరమైంది. అందుకే దాన్ని తిరగేశాం. సాయంత్రం ఆరున్నరకి చంటాడికి పాలిచ్చేసి, వాళ్ల నాన్న చేతిలో పెట్టేస్తాను. ఏడ్చినా సరే, ఆయనే సముదాయించుకోవాలి. ఆ అరగంట నేను, అమ్మలు మాత్రమే. మిద్దె మీదకెళ్లి పావురాలకి గింజలు వేస్తాం, లేకపోతే లిఫ్టులో కిందకీ పైకీ తిరుగుతాం. ఫోన్ ఇంట్లోనే.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంకో ఆరు వారాల్లో నా సెలవు అయిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో కనిపించిన ప్రతివాళ్లూ ఇచ్చే సలహా ఒకటే. “పెద్దదాన్ని ప్లేస్కూల్లో వేసెయ్, నీకు ఊపిరాడుతుంది.” నిజమే, ఆడుతుంది. కానీ దానికి? మొన్ననే ఒళ్లు పోయింది, ఉయ్యాల పోయింది. ఇప్పుడు అమ్మ ఆఫీసుకి, తను స్కూలుకి, తమ్ముడు మాత్రం నాన్నమ్మ దగ్గర ఇంట్లో! రెండేళ్ల బుర్ర దీన్ని ఎలా అర్థం చేసుకుంటుందో ఊహించడానికి పెద్ద చదువులక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒకేసారి రెండు పెద్ద మార్పులు రిలీజ్ చెయ్యం కదా, ఏది ఎక్కడ విరిగిందో తెలీదని. అందుకే మూడేళ్లు నిండేదాకా ప్లేస్కూల్ వద్దనుకున్నాం. మా ఆయన వారానికి రెండు రోజులు ఇంటినుంచి పని అడిగి తెచ్చుకున్నాడు, నాకు రెండు రోజులు వచ్చాయి. మిగిలిన ఒక్కరోజు అత్తయ్యకి తోడుగా ఒకావిడని పెట్టుకుంటున్నాం. దానికయ్యే డబ్బు లెక్క చూస్తే ప్లేస్కూలే చవక. అయినా సరే అనుకున్నాం.

అంతా సర్దుకుందని చెప్పను. నిన్న కూడా పక్క తడిపింది. మొన్న తమ్ముడి బుగ్గ గిల్లింది. కానీ ఈ మధ్య ఆస్పత్రిలో ఇచ్చేద్దామనడం మానేసింది. వాడు బోర్లాపడితే చప్పట్లు కొట్టింది, ఎవరూ చెప్పకుండానే.

మీరు ఎవరింటికైనా పసిబిడ్డని చూడ్డానికి వెళ్తే ఒక చిన్న పని చెయ్యండి. గుమ్మంలోంచే “బుజ్జోడెక్కడ?” అని అడక్కండి. తలుపు చాటున మీ చేతిలో సంచీ వైపు చూస్తూ ఒక రెండేళ్ల, మూడేళ్ల శాల్తీ నిలబడి ఉంటుంది. ముందు దాని పేరు పెట్టి పిలవండి. ఒక చిన్న బిస్కెట్ ప్యాకెట్ అయినా దాని చేతిలో పెట్టండి. లోపలున్న చంటోడు ఎలాగూ నిద్రపోతుంటాడు, ఏమీ అనుకోడు.