చౌబారా దగ్గర రెండు రూపాయలు

మొన్న కార్తికమాసంలో బంధువుల ఇంట పెండ్లికని బీదరు వెళ్ళాము. నా చిన్నతనమంతా ఆ ఊళ్ళోనే గడిచింది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి తరువాత మైసూరులో చేరిన జిల్లా గనుక, అక్కడ బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినిపిస్తాయి. పెండ్లి మరునాడు పన్నెండేండ్ల మా అబ్బాయిని వెంటబెట్టుకొని పాత బస్తీ చూపించడానికి బయలుదేరాను.

బస్తీ నడిబొడ్డున చౌబారా ఉన్నది. గుండ్రని బురుజు, ఎత్తు సుమారు 22 మీటర్లు. పూర్వం దానిపై నుండి కాపలా కాసేవారు. అక్కడినుండి కోటవైపు నడిస్తే, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా వస్తుంది. మావాడు అన్నీ చూస్తూనే ఉన్నాడు గాని, చేయి మాత్రం ఫోనును వదలలేదు. ఒక సందు మొగలో నేను ఆగిపోయాను. ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేసే కొట్టు ఉన్నది. 1992 ప్రాంతాల అది వీడియో ఆటల కొట్టు.

“మీ నాయనమ్మతో నేను అబద్ధమాడింది ఈ కొట్టు మూలానేరా” అన్నాను. ఫోను జేబులోకి వెళ్ళిపోయింది.

చీకటి గది. బీరువా అంత చెక్కపెట్టెలు రెండు. ఒక్కొక్క దానికి ఒక తెర, ఒక పిడి, ఒకటి రెండు మీటలు. రూపాయి బిళ్ళ వేస్తే ఆట మొదలు. ఒక పెట్టెలో నల్లని తెరమీద పసుపుపచ్చని నోరొకటి చుక్కలను మింగుతూ పరుగెత్తేది. నాలుగు దయ్యాలు దానిని తరిమేవి. అది ప్యాక్‌మ్యాన్. జపానులో నామ్కో కంపెనీలో తోరు ఇవతాని 1980లో తయారుచేసినది. గబగబ తినే చప్పుడును వారి భాషలో ‘పకు పకు’ అంటారు. పేరు అందులోనుంచే వచ్చింది. దయ్యాలు నాలుగింటివీ నాలుగు స్వభావాలు. ఎర్రది వెంటపడుతుంది. గులాబీరంగుది ముందుకుపోయి దారి కాస్తుంది. నారింజది దగ్గరకంటా వచ్చి తిరిగిపోతుంది. నీలిది ఏం చేస్తుందో ఊహించడం కష్టం.

రెండవ పెట్టెలో స్పేస్ ఇన్వేడర్స్. 1978లో తోమోహిరో నిషికాదో చేసిన ఆట. పైనుండి బారులు తీరి దిగివచ్చే శత్రువులను కాల్చాలి. వారు తగ్గినకొద్దీ మిగిలినవారి వేగం హెచ్చుతుంది. ఆనాటి యంత్రానికి అన్ని బొమ్మలను ఒక్కసారిగా త్వరగా కదిపే శక్తి లేదు. బొమ్మలు తగ్గితే పని తేలిక. ఆ లోపాన్ని ఆయన దిద్దక అలాగే ఉంచారు. ఆటకు ప్రాణం అదే అయింది.

బడిలో నా కన్నడం తడబడేది, పిల్లలు నవ్వేవారు. ఆ పెట్టె ముందు ఏ భాషా అవసరం లేదు. నాలుగు భాషల పిల్లలమూ భుజాలు రాసుకొని నిలబడేవాళ్ళం. నేను తప్పుదారి పడితే వెనకనుండి “నక్కో, నక్కో!” అని ఎవరో ఒకరు కేకవేసేవారు. ఓడినప్పుడు ఎందుకు ఓడామో కంటికి కనిపించేది. తప్పు మనదే, ఈసారి దిద్దుకోవచ్చు అనిపించేది. ఆ ఆటల ఆకర్షణ అంతా అందులో ఉన్నది. ఉచ్చు కూడా అందులోనే ఉన్నది. ఎందుకంటే దిద్దుకోవడానికి ఇంకొక రూపాయి కావాలి.

ఒక సాయంత్రం అమ్మ పాలకని రెండు రూపాయి బిళ్ళలు ఇచ్చింది. రెండూ పెట్టెలో పడ్డాయి. దారిలో లాగుజేబుకు పెన్సిలుతో చిల్లు పొడిచి, బిళ్ళలు జారిపోయాయని ఇంట్లో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. టార్చిలైటు తీసుకొని, మా వాకిటినుండి చౌబారాదాకా వంగి వంగి వెదికింది. కాలువలో కూడా చూచింది. రాత్రి ఆ చిల్లు కుట్టి, మళ్ళీ పోకుండా రెండవ జేబుకు కూడా గట్టిగా కుట్టు వేసింది.

ఇది విని మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత ఒక బిద్రీ దుకాణం ఎక్కాము. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి, వాటిలో వెండి పొదుగుతారు. కోటలోని పాత మన్నును నవసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. నలుపు, తెలుపు, అంతే. “మీ ఆటలాగే ఉంది నాన్నా” అన్నాడు వాడు. నిజమే. ఉన్న వస్తువు కొంచెమైతే గీసే ప్రతి గీతా ఆలోచించి గీయాలి. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం 2012లో ప్యాక్‌మ్యాన్‌ను తన సేకరణలో చేర్చుకొన్నదంటే నాకు వింత అనిపించలేదు.

బస్సులో వాడు ఫోనులో ఆ ఆటనే తెచ్చి ఆడాడు. రెండు నిమిషాలలో ఓడిపోయి, “ఇంకొక్కసారి” అన్నాడు. ఆ గొంతు నాకు తెలిసినదే. జహీరాబాదు వచ్చేదాకా ఇద్దరమూ వంతులవారీగా ఆడాము.

జహీరాబాదులో మా తమ్ముని ఇంట అమ్మ ఉంటున్నది. ఆ పూట కూడా చెప్పడానికి నోరు రాలేదు. చూపు తగ్గినందున ఈ పత్రికను ఆమె తమ్ముని చేత చదివించుకొంటుంది. తమ్ముడు ఈ పేజీని దాటవేయకుండా చదవాలని కోరుతున్నాను.