చెల్లెలి పెండ్లికి మేము తీసిన పటములు

గడచిన వైశాఖమున మా చెల్లెలి వివాహము విజయపురి సౌత్‌లో మా పుట్టినింటి ముంగిటనే జరిగినది. ఆ వివాహమునకు ఛాయాచిత్రములు తీసినవారము మేము. అంతకుముందు మేము కెమేరాను చేత పట్టి యెరుగము. బయానా పుచ్చుకొన్న ఫొటోగ్రాఫరు, అదే రాత్రి వేరొకచోట పెద్ద బేరము తగిలినదని, ముహూర్తము పది దినములున్నదనగా కబురు పంపి తప్పుకొనెను. మంచి లగ్నము గల రాత్రి ఊరూరను పందిళ్లే. మాచర్లలో విచారించితిమి, గురజాలలో విచారించితిమి. ఖాళీగా నున్నవాడొక్కడును దొరకలేదు.

అందరి చేతులలోను ఫోనులున్నవి గదా, వానితో తీసికొనరాదా యని చదువరులు అడుగవచ్చును. మా పెద్దమ్మకుమారుని పెండ్లిలో అట్లే చేసిరి. నూరుమంది తీసిరి. ఆ పటములు నేటికిని నూరుమంది ఫోనులలో చెదరియున్నవే కాని, ఒకచోట కూర్చి యింటికి వచ్చినవారికి చూపుటకు పది పటములు లేవు. ఉన్నవానిలోను వధూవరులకంటె ఎత్తిపట్టిన ఫోనులే యెక్కువ. కనుక మా తండ్రిగారు మందలించి, "ఈ పెండ్లిలో పందిరిచుట్టు ఫోనులు ఎత్తరాదు. పెద్దమ్మాయి తీయును" అని నిర్ణయించిరి. ఆ మాట మమ్ము ఎంత కట్టివేయునో అప్పుడు తెలియలేదు.

మావారి సహోపాధ్యాయులొకరు తమ కెమేరాను, దానితోడి చిన్న పుస్తకమును ఎరువిచ్చిరి. మా తండ్రిగారు మాకు బాల్యమునందే యింట కావ్యములు చెప్పియుండిరి. గ్రంథము ముందుంచుకొని అర్థము చేసికొనుట మాకు క్రొత్త గాదు. కాని శ్లోకమున అన్వయము తప్పినచో మరల చదువుకొనవచ్చును; పెండ్లిలో తప్పిన క్షణమును మరల పిలువరాదు. కుమారసంభవమున ఏడవ సర్గలో పార్వతీకల్యాణము చదివినప్పుడెల్ల, కాళిదాసు అన్నియు చూచి వ్రాసినట్లున్నదే యనుకొనెడివారము. పందిరిలో నిలుచుటకు తావు వెదకికొనవలసిన యవస్థ ఆయనకు లేదు గదా! ఆ సర్గలోనే, వరుడు వీథిని వచ్చుచుండగా పురస్త్రీలు సగము సింగారముతోడనే కిటికీలకు పరుగెత్తుట కలదు. పెండ్లికొడుకును విడిచి ఈ కిటికీల గొడవ కవికి ఎందుకని చిన్ననాట మేము అడిగియుంటిమి. తండ్రిగారు నవ్వి యూరకుండిరి.

అభ్యాసమునకై ఒక సాయంకాలము అనుపు పోయితిమి. ఈ ప్రాంతము నెరుగని సోదరీమణులకు చెప్పవలెను. విజయపురి యనునది మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధాని. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నడుమ ఆ ప్రాచీననగరముండిన లోయ నీట మునిగినది. మునుగుటకు ముందే పురావస్తుశాఖవారు త్రవ్వి చూచి, ముఖ్యములైన కట్టడములను కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని ఈ యనుపునకును తరలించి మరల నిలిపిరి. కొండ నేడు ద్వీపము. మా యూరి రేవునుండియే దానికి లాంచీలు పోవును. అనుపున రాతిమెట్ల రంగస్థలమొకటి యున్నది. దానిముందు మావారిని నిలువబెట్టి, కూర్చుండబెట్టి, నడిపించి, ఇన్నూరు పటములు తీసితిమి. నూటయెనుబది చెడినవి.

చెడిన కారణమును పుస్తకము చూచి తెలిసికొంటిమి. కెమేరాకు తెలుపు నలుపు తెలియవు. ఎదుటనున్నదెల్ల నడిమి బూడిదవన్నె యనుకొని అది వెలుతురు కొలుచును. తెల్లని పంచె కట్టిన మనిషిని చూపినచో, వెలుతురు మిక్కిలిగా నున్నదని భ్రమించి పటమును చీకటి చేయును. పెండ్లిలో మధుపర్కములు తెల్లనివే గదా! అట్టితరి యంత్రము కొలిచినదానికంటె కొంచెము హెచ్చుగా వెలుతురు రానీయవలెను. రెండవది, షట్టరు నెమ్మదిగా మూసికొన్నచో తలంబ్రాలు గింజలుగా గాక గీతలుగా పడును. ఫ్లాషు మొగముమీద సూటిగా వేసినచో మొగము పిండిబొమ్మ వలె నుండును. పైకప్పుమీదికి త్రిప్పి వేయుడని పుస్తకము చెప్పినది. మా యింటిముందు వేసినది ఎఱ్ఱపసుపు గుడ్డల షామియానా. ముందుదినము వెలుగు దానిమీదికి కొట్టి చూడగా, చెల్లెలికి మంగళస్నానము రెండవమారు చేయించినట్లు మొగమంతయు పసుపుముద్ద యైనది. వడ్డించు అబ్బాయిని బతిమాలి, మండపముపైన ఒక తెల్ల దుప్పటి కట్టించితిమి. ఈ యుపాయము మాత్రము పుస్తకములోనిది గాదు.

అనుపునకు మా మేనత్తగారు కూడ వచ్చిరి. ఆమెనుగూర్చి చెప్పకున్న ఈ కథ లేదు. మా యమ్మ పోవునప్పటికి మాకు తొమ్మిదేండ్లు, చెల్లెలికి రెండు. మేనత్తగారు అప్పటికే భర్తను పోగొట్టుకొని పుట్టింట నుండిరి. మాకు తలలు దువ్వినది ఆమె, చెల్లెలికి అన్నము కలిపి పెట్టినది ఆమె, దానికి జ్వరము వచ్చిన రాత్రులు ఆమె నిద్ర యెరుగదు. రాతిమెట్లపై ఆమెను కూర్చుండబెట్టి కెమేరా ఎత్తగా కొంగు మొగమున కడ్డము పెట్టుకొనెను. "నన్ను తీసి ఏమి చేసెదవే? పిల్ల కాగితము పాడగును." ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు ముఖ్యదాత్రి యని శాసనములు చెప్పుచున్నవి, ఆ కథ చెప్పితిమి. "ఆమె మేనల్లుడు రాజు. నాకున్నది మీరిద్దరు" అని ఆమె నవ్వినది. ఆ నవ్వును పట్టుకొనుటకు మా చేయి ఆలస్యమైనది. ఇంటిలో వెదకి చూడగా ఇన్నేండ్లలో ఆమె పటమొక్కటియు లేదు.

స్త్రీలకు ఛాయాచిత్రములు తీయుట మన దేశమున చిరకాలము చిక్కుపనియే. లాలా దీనదయాళుగారు హైదరాబాదున 1892లో అంతఃపుర స్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, లోపల పటములు తీయుటకు ఒక ఆంగ్లవనితను నియమించిరి. ఘోషా స్త్రీకి గోడయే యడ్డము. మా మేనత్తగారికి గోడ లేదు, తెర లేదు. అయినను దాటి రారు.

ముహూర్తము రాత్రి రెండు గంటల నలువది నిమిషములకు. కన్యాదానము మా పెదనాన్నగారును పెద్దమ్మగారును చేసిరి. తండ్రిగారు ముందే మేనత్తగారిని పిలిచి, "పందిట్లోనే కూర్చుండుము, శాస్త్రము నేను చూచుకొందును" అని చెప్పియుండిరి. ఆమె, "అన్నయ్యా, వియ్యాలవారి ముందర ఎందులకు? పిల్లకు మాట రాగూడదు" అని వంటయింటి వైపు పోయినది. 1881లో వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. నూటనలువది యేండ్లు గడచినవి. చదువుకొన్న పురుషుడొకడు దారి విడిచినను, ఆ దారిలో నడవనీయనిది ఆమె మనస్సే. దీనికి ఎవరిని నిందింతుము? ఆ రాత్రి నిందించు తీరికయును మాకు లేకుండెను.

జీలకఱ్ఱ బెల్లము చక్కగా వచ్చినది. తెర తొలగినప్పుడు చెల్లెలు తలయెత్తి చూచిన చూపు, పెండ్లికొడుకు తొట్రుపడిన చేయి, రెండును ఒకే పటమున పడినవి. గర్వించితిమి. ఆ గర్వము అరగంట నిలువలేదు. మంగళసూత్రధారణకు బాజాలు మ్రోగగనే అందరును లేచి ముందుకు వచ్చిరి. అక్షతలు వానవలె పడుచుండెను. కెమేరా ఎదుటనున్న వధూవరులను విడిచి, గాలిలోని బియ్యపుగింజలను పట్టుకొనబోవును. పట్టలేక లెన్సు ముందుకును వెనుకకును తడుముకొనును. మీట నొక్కిన పలుకదు. ఎవరి మోచేయియో మా భుజమునకు తగిలినది. తావు వెదకికొనుచు నాలుగడుగులు వెనుకకు వేసి మరల కంటికెత్తగా, మండపమునకు ఆవల, దూరముగా, వంటయింటి కిటికీ కనబడినది.

కిటికీలో మేనత్తగారుండిరి. వెనుక దీపము వెలుగుచున్నది. పిడికిట అక్షతలు పట్టుకొని, ఊచలసందునుండి చేయి చాచి, పందిరివైపు విసరుచుండెను. అవి మండపము చేరవు. పది గజముల కీవల బండపరుపుమీద, చెప్పుల నడుమ రాలుచున్నవి. లెన్సు వెంటనే నిలిచినది. వ్రేలు దానంతటది నొక్కెనో, మేమే నొక్కితిమో నేటికిని చెప్పజాలము. ఒకటి గాదు, మూడు పటములున్నవి. మూడవదానిలో ఆమె కన్నులు మూసికొని యున్నది. తిరిగి చూచునప్పటికి మూడుముళ్లును పడినవి.

తెల్లవారిన పిమ్మట పటములు చూచుకొనుచుండగా వియ్యాలవారి పెద్దలొకరు అడిగిరి. లేదని చెప్పవలసి వచ్చినది. "మూడుముళ్లు లేని పెండ్లి పటములా!" అని వారు ఆశ్చర్యపడిరి, న్యాయమే. ఫోనులు వలదని కట్టడి చేసినవారము మేమే గదా. మరల పీటలపై కూర్చుండబెట్టి, సూత్రము చేత పట్టించి తీసిన నేమి, ఇట్టివి అందరును చేయుచున్నారే యని ఒకరనిరి. తండ్రిగారు, "కట్టిన సూత్రమును కట్టుచున్నట్లు నటించుట నా యింట జరుగదు" అనిరి. చెల్లెలు ఏమియు అనలేదు. మా కొంగుమూల ముడిలో ఏదియో గరగరలాడగా విప్పితిమి. మేము వేయవలసిన అక్షతలు అట్లే యున్నవి. అప్పగింతలవేళ వానిని చెల్లెలి తలపై వేసితిమి. అది ఏడ్చుచుండెను గనుక ఎవరికిని వింతగా తోచలేదు.

గుంటూరునుండి పాతతరహా ఆల్బము తెప్పించితిమి. నల్లని పుటలు, మూలలకు కాగితపు కొక్కెములు గలది. ఎనిమిదివందల పటములలో నూటపది యేరితిమి. ఏరుచుండగా మరియొకటి గమనించితిమి: వధువునకు ఒక్కతే అక్క, ఆ అక్క ఏ పటములోను లేదు. అది యటుండనిండు. సూత్రధారణము పడవలసిన పుటకు వచ్చునప్పటికి, మావారు కిటికీ పటమును తీసి యచట పెట్టిరి. మేనత్తగారిని పిలిచి చూపితిమి.

ఆమె కన్నద్దములు తెచ్చుకొని చాలసేపు చూచినది. "ఇంత తల నెరసినదా?" అనినది. పిమ్మట, "నన్నెందుకమ్మా తీసితివి? ఇది అందు పెట్టకుము. శుభమా యని చూచుకొను పుస్తకము" అని, కొక్కెములు విడదీసి పటమును తీసికొని పోయినది. పోట్లాడితిమి, వినలేదు. ఆ పుట ఖాళీగా విడిచితిమి. కొన్నాళ్లకు బియ్యము కొలుచుటకు వారి గదికి పోయినప్పుడు, పింఛను కాగితములుంచు రేకుపెట్టె మూత తెరచియుండెను. అడుగున ఆ పటము, పట్టుగుడ్డలో చుట్టి, కొసమాత్రము కనబడుచుండెను. చూడనట్లే బియ్యము కొలుచుకొని వచ్చితిమి.

ఆషాఢమున చెల్లెలు పుట్టింటికి వచ్చినది. ఆల్బము ఒడిలో పెట్టుకొని ఒక్కొక పుటయే త్రిప్పి, ఖాళీపుటయొద్ద ఆగినది. జరిగినదంతయు చెప్పితిమి. నిష్ఠురమాడునేమో యని వేచితిమి. అది కెమేరాలోని మూడు పటములను చూపుమని, మూడవదానిని, ఆమె కన్నులు మూసికొన్నదానిని, ఎన్నుకొన్నది. మరునాడు మావారితో మాచర్లకు పోయి దాని ప్రతి తెచ్చుకొని, తానే నాలుగు మూలలకును కొక్కెములు తడిపి అంటించినది. "మా యింటికి పోయినదాక అత్తయ్యతో చెప్పకక్కా" అనినది.

పెరటిలో రుబ్బుట ఆగినది. మేనత్తగారు గోరింటాకు గిన్నెతో గదిలోనికి వచ్చుచుండిరి. చెల్లెలు ఆల్బము మూసి, చేతులు రెండును చాచినది.