ఛాయాచిత్రములు నేర్పిన పాఠము

గత సంవత్సరము "మన యూరి శ్రమజీవులు" అను విషయముపై ఛాయాచిత్రములు దీసి తెండని మా పదవ తరగతివారితో ఉపాధ్యాయురాలు చెప్పిరి. ఇంటింట సెల్ ఫోనులుండుటచే కెమేరాలకు గొదువ లేకపోయెను. రెండు వారములు బాన్సువాడ వీధులన్నియు దిరిగితిమి. కమ్మరి, వడ్రంగి, ట్రాక్టరు నడుపువాడు, చాయ్ హోటలువాడు, బట్టల వర్తకుడు, అందఱును మా చిత్రములలో జేరిరి. నిజాంసాగరు కాలువ క్రింది పొలములలో నాట్లు వేయు స్త్రీలను గూడ దీసితిమి.

చిత్రములను గోడకు దగిలించిన దినమున ఉపాధ్యాయురాలు వానిని జాలసేపు చూచి, "పురుషులకందఱకు మొగములున్నవి. స్త్రీలకు వీపులు మాత్రమే యున్నవేల?" అని యడిగిరి. నాట్లు వేయువారు వంగియుందురు గదా యని యొకడనెను. "వారు లేచువఱకు మీరేల నిలువలేదు?" అని యామె మరల నడిగిరి. మాకు మాట రాలేదు.

ఆ ప్రశ్న నన్ను ఇంటివఱకు వెంటాడెను. మా అమ్మ యెప్పటివలెనే చాట ముందు గూర్చుండి బీడీలు చుట్టుచుండెను. తునికాకును నానబెట్టుట, కత్తెరతో కొలతకు గత్తిరించుట, పొగాకు నింపి చుట్టుట, దారము గట్టి కొన మడచుట, ఇవి యామె నిత్యకృత్యములు. వేయి బీడీల లెక్కను కూలి వచ్చును. నా పుస్తకములు ఆ కూలితో వచ్చినవే. అయినను పాఠశాల దరఖాస్తులో "తల్లి వృత్తి" యనుచోట "గృహిణి" యని నా చేతితోనే వ్రాసియుంటిని. 1966వ సంవత్సరపు బీడీ కార్మికుల చట్టము ఇంటికడ బీడీలు చుట్టువారిని గూడ కార్మికులుగనే యెన్నినది. చట్టమెఱిగిన దానిని కన్నకూతు రెఱుగకపోయెను!

నేను ఫోను నెత్తగానే, "ఈ వేషముతో వలదు బిడ్డా, కొత్తచీర గట్టుకొని వచ్చెదను" అని అమ్మ యనెను. తరగతిలో జరిగినదంతయు జెప్పితిని. ఆమె కొంత తడ వాలోచించి, "అట్లయిన మొగము గనబడునట్లు దీయుము. క్రింద నా పేరును వ్రాయుము" అనెను.

పిమ్మట ఉపాధ్యాయురాలు మాకు రెండు సంగతులు దెలిపిరి. ఘోషాలోని స్త్రీల కొఱకు లాలా దీన్ దయాళు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగ జెనానా స్టూడియో స్థాపించి, దాని నొక ఆంగ్లస్త్రీ కప్పగించెనట. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమై వ్యారావాలా తీసిన మొదటి చిత్రములు భర్త పేరుతో బ్రకటితములైనవట. ఆమెకు 2011లో పద్మవిభూషణ బిరుదము లభించెను. ఒకచోట ముఖము మఱుగుపడెను. ఒకచోట పేరు మఱుగుపడెను. మా యింట పనియే మఱుగుపడెను.

స్త్రీవాదమనగా పురుషులపై గోపమని నే నంతకుముందు దలచియుంటిని. ఉన్న పనిని, చేసినవారి పేరును దాచక చెప్పుటయే దానికి మొదటి మెట్టని యిప్పుడు తోచుచున్నది. సామెతల గ్రంథమున గుణవతియగు స్త్రీ చేతిపనుల నొక్కొక్కటిగ నెన్నుటను ప్రార్థనాసమయమున నెన్నిమారులో వింటిని. మా అమ్మ చేతులు మాత్ర మొక్కనాడును దలపునకు రాలేదు.

ప్రదర్శన దినమున అమ్మ కొత్తచీర గట్టుకొనియే వచ్చెను. తన చిత్రము క్రింద "బీడీ కార్మికురాలు" అని చదివించుకొని, మఱేమియు ననక, ప్రక్కనున్న పొరుగింటి యత్తను బిలిచి చూపెను.

తోడి విద్యార్థులారా, ఈ యేడు దరఖాస్తులో ఆ గడిని నింపుటకు ముందు ఇంటిలోనికొకమారు తేరిపాఱ జూడుడు.