హెల్మెట్ చప్పుడు

పిల్లల డాక్టరు ఓపీలో కడుపునొప్పి కేసు లేని సాయంత్రం ఉండదు. బొడ్డు చుట్టూ నొప్పి, వస్తుంది పోతుంది, మళ్లీ వస్తుంది. జ్వరం ఉండదు, బరువు తగ్గదు. మా దగ్గరికి వచ్చేసరికే నులిపురుగుల మందు పడి ఉంటుంది, దిష్టి తీయడం అయి ఉంటుంది, ఒకటో రెండో స్కానింగులు కూడా చేయించి ఉంటారు. 1950లలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లే అనే పిల్లల వైద్యుడు వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఇలాంటి నొప్పి ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి ఎంత వెతికినా జబ్బు కనబడలేదు. బొడ్డుకు ఎంత దూరంగా నొప్పి ఉంటే లోపల జబ్బుండే అవకాశం అంత ఎక్కువన్న ఆయన సూత్రం మేమంతా చదువుకున్నదే. జబ్బు కనబడలేదంటే పిల్ల నటిస్తోందని మాత్రం అనుకోకూడదు. మెదడుకీ పేగులకీ మధ్య నరాల రాకపోకలు ఎప్పుడూ సాగుతూనే ఉంటాయి. లోపల బెదురున్నప్పుడు పేగు మామూలు కదలిక కూడా నొప్పిగానే తెలుస్తుంది.

అలా వచ్చిన మూడో తరగతి పాప ఒకతి నాకు బాగా గుర్తు. ఫైలు నిండా రిపోర్టులు, అన్నీ నార్మల్. తల్లిని కాసేపు బయట కూర్చోమని, నర్సును పక్కన ఉంచుకుని పాపను అడిగాను.

“నొప్పి ఎప్పుడొస్తుందమ్మా?”

“నాన్న బండి గేటు దగ్గర ఆగినప్పుడు.”

“నాన్న కొడతాడా?”

“కొట్టడు డాక్టరంకుల్. హెల్మెట్ ఫ్రిజ్ మీద మెల్లగా పెడితే మూడ్ బాగున్నట్టు. టేబుల్ మీద టప్పుమని పడేస్తే ఆ రోజు ఎవ్వరం మాట్లాడకూడదు. నేను టీవీ కట్టేసి తమ్ముణ్ని లోపలికి తీసుకెళ్లిపోతాను.”

ఎనిమిదేళ్ల పిల్ల రోజూ సాయంత్రం ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటోంది. ఇక కడుపు నొయ్యకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు తండ్రిని పిలిపించాను. ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల ఉద్యోగం. బాకీదారులు ఒకవైపు, పైఅధికారులు ఒకవైపు, పొద్దుట్నుంచీ మాటలు పడటమే పని. “ఏనాడూ పిల్లల మీద చెయ్యెత్తలేదు సార్” అన్నాడు. అది నిజం. పాప చెప్పిన హెల్మెట్ సంగతి చెప్పాను. చాలాసేపు తలొంచుకుని కూర్చున్నాడు. “నా టెన్షనేదో నేనే పడుతున్నాను, వాళ్లనేమీ అనడం లేదుగా అనుకున్నాను” అన్నాడు.

చాలామంది మంచి తండ్రులూ తల్లులూ ఇక్కడే పొరబడతారు. తిట్టకపోతే, కొట్టకపోతే తమ చిరాకు తమ దగ్గరే ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. నాన్న ముఖం మాడి ఉందని పిల్లకు తెలుస్తుంది, ఎందుకో తెలియదు. కారణం తెలియనప్పుడు తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకోవడం ఆ వయసు స్వభావం. కోపం తెచ్చుకోవద్దని నేనతనికి చెప్పలేదు. వద్దంటే ఆగే కోపం కాదది, ఆ ఉద్యోగం అలాంటిది. ఇంట్లోకి రాగానే ఒక మాట పైకి అనమన్నాను: “ఇవాళ ఆఫీసులో గొడవైంది, నాన్నకి చిరాగ్గా ఉంది. మీ వల్ల కాదు. స్నానం చేసి వచ్చి మాట్లాడతా.” ఈ ముక్క చీటీ మీద రాసే ఇచ్చాను. నిజానికి ఆ చీటీలో మందేమీ లేదు. రెండు నెలలకు నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందనను, పరీక్షలప్పుడు ఇంకా వస్తూనే ఉంది.

చిరాకు లాగే అలక కూడా ఒకరి దగ్గరే ఆగిపోదు. బారసాల దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చి అత్తగారు మాట్లాడటం మానేసిన ఇంటినుంచి ఒక బాలింత వచ్చింది. “పాలు పడట్లేదు డాక్టర్‌గారూ, డబ్బా పాలు రాయండి” అంది. చూస్తే పాలున్నాయి, బిడ్డ నోటికి దిగడం లేదు. పాలు దిగాలంటే తల్లి మెదడునుంచి ఆక్సిటోసిన్ విడుదల కావాలి, బెంగా భయమూ దాన్ని ఆపుతాయి. 1948లోనే అమెరికాలో న్యూటన్ దంపతులు, తల్లిని కావాలని ఇబ్బంది పెడితే బిడ్డకు అందే పాలు తగ్గడమూ, ఆక్సిటోసిన్ ఇంజెక్షనిస్తే ఇంచుమించు మామూలుకు రావడమూ చూపించారు. అత్తగారిని పిలిచి ఇదంతా చెప్పాను. “నేను దాన్ని ఒక్క మాటన్నానా?” అందావిడ. అనలేదు, నిజమే. ఆ అనకపోవడమే వారం రోజులుగా ఆ గదిలో ఉంది. మనవరాలి పాల సంగతని అర్థమయ్యాక ఆవిడే కోడలికి వేడివేడిగా తినిపించడం మొదలుపెట్టింది.

మా ఆసుపత్రుల్లోనూ ఇదే సంగతి. 2015లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల వైద్య బృందాలు ఇరవై నాలుగింటికి నమూనా కేసు ఒకటి ఇచ్చి పరీక్షించారు. బయటినుంచి వచ్చిన నిపుణుడి నోట పుల్లవిరుపు మాటలు విన్న బృందాలు రోగం గుర్తించడంలోనూ చికిత్సలోనూ వెనకబడ్డాయి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు విసుక్కుంటే ఏమవుతుందో మా వార్డుల్లో అందరికీ తెలుసు. జూనియర్ అనుమానం అడగడం మానేస్తాడు, నర్సు డోసు ఎంతో రెండోసారి కనుక్కోదు. నష్టపోయేది మంచం మీదున్న పసివాడు. పెద్ద డాక్టరు మూడ్ ఆయన సొంత వ్యవహారం అని నేను ఒప్పుకోను.

అయితే అందరి దిగులూ ఇలా ఒక మాటతో సర్దుకునేది కాదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకుండా, తిండి సయించకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అది జబ్బు కావచ్చు. అలాంటి తల్లిని “పిల్లల ముందు నవ్వుతూ ఉండు” అని సతాయించడం అన్యాయం. ఆవిడకు కావలసింది వైద్యం, దాన్ని అందేలా చూడటం ఇంట్లో అందరి బాధ్యత. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అవసరమున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఇవాళే ఫోన్ చేయండి.