విశ్వానికి వంపుందా?

నక్షత్రాల లెక్క ఉస్మానియాకు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల, 1919లో ఈ విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. అంతర్జాతీయ ఆకాశ పటం కోసం ఫొటో పలకల మీద చుక్కల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చువేసింది. ఓపికంటే అదీ!

తార్నాక నుంచి మౌలాలి మీదుగా ఈసీఐఎల్ వైపు వెళ్తే టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం. ఆ పేరు చూస్తే నాకు ‘బూమరాంగ్’ గుర్తొస్తుంది. విశ్వం వంపు తేల్చడానికి 1998 చివర్లో అంటార్కిటికా మీద ఎగిరిన బెలూన్ అది. విశ్వం బయటికెళ్లి చూసేదెవరు? లోపలి నుంచే కోణాలు కొలవాలి. మహావిస్ఫోటం తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతిలో వేడి, చల్లని మచ్చలున్నాయి. వాటి అసలు పరిమాణం లెక్కకు అందుతుంది. స్థలం సమతలమైతే అవి ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ వెడల్పున కనబడాలి. బంతిలా వంగితే పెద్దగా, గుర్రపు జీనులా వంగితే చిన్నగా. 2000లో వెలువడిన బూమరాంగ్ ఫలితం: దాదాపు ఒక డిగ్రీ. తర్వాత ప్లాంక్ ఉపగ్రహమూ వంపు కనబడలేదంది.

అయితే సమతలమంటే అనంతమని కాదు. కాగితాన్ని గొట్టంలా చుట్టినా దాని మీది త్రిభుజం కోణాలు మారవు. విశ్వం అలా తనలోకి తాను చుట్టుకుందేమోనని, ఆ తొలి కాంతిలో, ఆకాశంలో రెండుచోట్ల ఒకేలా కనిపించే వలయాల కోసం వెతికారు. ఇంతవరకూ దొరకలేదు.